క్రేనమ్మ గుడి మారాలనుకున్న సంగతి

రేవులో పెద్ద క్రేను నడిపే లైసెన్సు క్రేనమ్మకి మూడో ప్రయత్నంలో వచ్చింది. మొదటిసారి గాలి ఎక్కువగా ఉంది. రెండోసారి పరీక్షాధికారికి ఆడమనిషి ఆ పని చెయ్యగలదన్న నమ్మకం తక్కువగా ఉంది. మూడోసారి ఆ రెండూ అలాగే ఉన్నాయి, అయినా నెగ్గింది.

పరీక్ష చిన్నదేమీ కాదు. నేల మీద సున్నంతో గీసిన గీతల మధ్య, లారీ అంత ఇనపపెట్టెని గీత చెరక్కుండా దించాలి. పైన గాజుగదిలో కూర్చుని, కాళ్ళ మధ్య ఉన్న అద్దంలోంచి కిందికి చూస్తూ దించాలి. పెట్టె తాళ్ళ మీద ఊగుతుంది. ఊగేదాన్ని వెనక్కి లాగితే ఇంకా ఊగుతుంది. అది ఎటు పోతే అటే వెంటబడి దాని నెత్తి మీదికి చేరుకుంటే దానంతటదే నిమ్మళిస్తుంది. ఈ కిటుకు చేతికి రావడానికి ఆమెకి ఏడాది పైనే పట్టింది. ఆవేళ పెట్టె నేలకి ఆనగానే, నాలుగు వైపులా గీత కనబడుతోందని మేస్త్రి కింద నుంచి కేక వేశాడు. పరీక్షాధికారి వంగి చూసి, చేతిరుమాలుతో మెడ తుడుచుకుని, "ఏం చేస్తాం, ప్యాసే" అన్నాడు.

ఆమెకి బాప్తిస్మంలో పెట్టిన పేరొకటి ఉంది. దాన్ని ఆ రోజుతో అందరూ మర్చిపోయారు. రేవులో క్రేనమ్మ, వీధిలో క్రేనమ్మ, ఆఖరికి గుళ్ళో పాఠం చదవడానికి పిలిచేటప్పుడు కూడా క్రేనమ్మే.

ఆమె సాధించినవి ఒకటా రెండా! ఆ రేవులో అంత ఎత్తు క్రేను ఎక్కిన మొదటి ఆడమనిషి ఆమె. ఓడ కట్టుతాడు తెగి పక్కకి జరిగిన రోజున, గాల్లో ఉన్న పెట్టెని ఎవరి నెత్తినా పడకుండా పట్టుకుని నిలబెట్టింది ఆమె. ఆ పట్టుకున్నంతసేపూ వాకీటాకీలో ఆమె గొంతు వణకలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇన్నేళ్ళలో చేతిలోంచి ఒక్క పెట్టె జారలేదు. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు నాలుగు రేవుల్లో క్రేన్లు నడుపుతున్నారు. పుట్టింటి కప్పు బాగు చేయించింది. గుళ్ళో పాడింది, పాఠాలు చదివింది, పైకప్పు కారుతుంటే తానే నిచ్చెనెక్కి చూసొచ్చింది. ఇన్ని చెప్పాక ఇంకొకటి కూడా చెబుతారు జనం: మొగుడు పోయిన నాలుగో రోజుకే డ్యూటీ ఎక్కింది, అంత గుండెధైర్యం మనిషి అని.

ఆ చివరిది ధైర్యం కాదని ఆమెకి ఒక్కదానికే తెలుసు.

ఆయన స్కూలు బస్సు నడిపేవాడు. జబ్బు చేసి నెలలు తీసుకుని పోయాడు. పోయిన రోజున ఇంటినిండా మనుషులు, బల్లనిండా ఎవరెవరో తెచ్చిన గిన్నెలు. అందరూ ఏడ్చారు. ఆయనతో మాటామంతీ లేని ఆమె అన్నయ్య, టైర్లకొట్టు నడిపేవాడు, అతను కూడా ఏడ్చాడు. క్రేనమ్మ అందరికీ టీ పోయించి, గిన్నెలు తోమి, ఎవరి గిన్నె వాళ్ళకి పేరుపేరునా ఇచ్చి పంపింది. ఏడుపు రేపు వస్తుందనుకుంది. రేపు రాలేదు. ఆ వారం రాలేదు. కాలు తిమ్మిరెక్కితే కాసేపటికి చీమలు పాకినట్టయి మళ్ళీ ప్రాణం వస్తుంది కదా, ఆ చీమల కోసం చూసింది. రెండేళ్ళు గడిచాయి. చీమలు లేవు. తింటే కడుపు నిండేది, పడుకుంటే నిద్ర పట్టేది, జోకు వేస్తే నోరు నవ్వేది. అన్నీ పనిచేస్తున్నాయి. లోపలే ఎవరూ లేరు.

వాళ్ళది తాతల నాటి నుంచి ఆంగ్లికన్ కుటుంబం. నాన్న ఉన్నన్నాళ్ళూ ఆ గుడిగంట ఆయన చేతిమీదుగానే మోగింది. అన్నయ్య ఇప్పుడు ఆ గుడి పెద్దల్లో ఒకడు, ముందు బెంచీ అతనిది. అమ్మది మూడో బెంచీ, గోడవైపు. ఆదివారం ప్రభు భోజనం వేళకి అందరూ వరసగా వెళ్ళి బలిపీఠం ముందున్న చెక్క రెయిలింగు దగ్గర మోకరిస్తారు. అమ్మ మోకాళ్ళు అరిగిపోయాయి. అలాంటి ముసలాళ్ళు బెంచీలోనే కూర్చుంటే అయ్యగారు కిందికి దిగొచ్చి రొట్టె ఇచ్చి వెళ్తారు. అమ్మ మాత్రం ససేమిరా అంది. "కూర్చున్న చోటికి తెచ్చిపెట్టడానికి అదేమన్నా హోటలా?" అని ఆవిడ వాదన. అందుకని క్రేనమ్మ ఆవిడ మోచెయ్యి కింద చెయ్యి పెట్టి, తన తొడ ఆనించి, మెల్లగా దించేది. లేచేటప్పుడు అదే తిరగేసి లేపేది. ఇద్దరూ పక్కపక్కన అరచేతులు చాపి తీసుకునేవాళ్ళు. తల్లీకూతుళ్ళకి మిగిలిన మాటలన్నీ అయిపోయినా ఆ ఒక్కటి వారం వారం జరిగేది.

గుళ్ళో మంచివాళ్ళే అందరూ. అదే తంటా. ఆరాధన అయ్యాక చెయ్యి పట్టుకుని ఎలా ఉన్నావని అడుగుతారు. అడిగి, మొహంలోకి చూస్తారు. బాగున్నానంటే ఇంకా లోతుగా చూస్తారు. వాళ్ళ కోసమైనా కొంచెం దుఃఖపడితే బాగుండునని ఆమెకి అనిపించేది. దుఃఖం అరువుకి దొరికే వస్తువు కాదాయె.

రేవు గేటుకి ఎదురుగా కతోలిక గుడి ఉంది. రెండు గుళ్ళ మధ్య దూరం ఓ సిగరెట్టు కాలేంత, మనుషుల మధ్య దూరం వందల ఏళ్ళు. రాత్రి షిఫ్టు దిగేసరికి అక్కడ పూజ మొదలయ్యేది. ఒకరోజు వాన వచ్చి లోపలికి వెళ్ళింది. వాన లేని రోజు కూడా వెళ్ళింది. చివరి బెంచీలో, స్తంభం పక్కన కూర్చునేది. లేచేవాళ్ళతో లేచేది, మోకరించేవాళ్ళతో మోకరించేది. పక్కవాళ్ళు చేపల బుట్టలవాళ్ళు, గేటు కాపలావాళ్ళు, రాత్రి డ్యూటీ దిగిన నర్సులు. అందరికీ నిద్రమొహాలే. ఎవరూ ఎవరి మొహం చూడరు, అందరూ ముందుకే చూస్తారు. ముందు ముసలి ఫాదరు, ఎవరికేమనిపించినా అనిపించకపోయినా, చెయ్యవలసింది చేసుకుపోయేవారు.

ఆమెకి అక్కడా ఏమీ అనిపించలేదు. కాకపోతే అక్కడ అనిపించకపోవడం ఎవరికీ అడ్డు రాలేదు.

ఇలా ఓ ఏడాది నడిచాక ఒకనాడు పరువు పోయే పని జరిగింది. ప్రభువు నేర్పిన ప్రార్థన రెండు గుళ్ళకీ ఒకటే. తేడా చివర్లో ఉంది. కీడు నుంచి తప్పించమన్న మాట దగ్గర కతోలికులు ఆగిపోతారు. మధ్యలో ఫాదరు ఒక్కరే మరో ప్రార్థన చదువుతారు, ఆ తర్వాతే మిగిలినవాళ్ళు రాజ్యమూ బలమూ మహిమా అన్న ముగింపు అందుకుంటారు. ఆంగ్లికన్లు ఎక్కడా ఆగకుండా ఒక్క గుక్కలో ముగించేస్తారు. ఇది తెలిసి క్రేనమ్మ రోజూ నాలుక కరుచుకుని ఆగేది. ఆవేళ ఆదమరిచింది. నిశ్శబ్దమైన గుళ్ళో, యంత్రాల హోరు మీద వాకీటాకీలో అరిచి అరిచి కుదురుకున్న ఆ గొంతు, రాజ్యాన్నీ బలాన్నీ మహిమనీ ఒంటరిగా పట్టుకుని చివరిదాకా వెళ్ళిపోయింది. ఫాదరు తలెత్తారు. ఆగారు. ఆమెని ముగించనిచ్చి, అప్పుడు తన ప్రార్థన మొదలుపెట్టారు.

మర్నాడు రేవులో మేస్త్రి టీ గ్లాసు పట్టుకుని ఎదురొచ్చాడు. అతనూ ఆ గుడివాడే.

"ఏం క్రేనమ్మా, నిన్న మైకు లేకుండా దంచావట గుళ్ళో! మా ఆవిడ చెప్పింది."

"నోరు జారింది."

"జారితే జారింది గానీ, మావాళ్ళు గోదాముల వెనకున్నవాళ్ళు కూడా ఆమెన్ అన్నారట."

"వెళ్ళు, వెళ్ళి ఆ లారీ పక్కకి తీయించు."

"అది సరే. ఇటొచ్చేస్తావా ఏంటి, మొత్తానికి? అడిగితే తప్పేం లేదుగా."

"తెలీదు" అంది క్రేనమ్మ. అడిగింది మేస్త్రే గానీ, ఆ మాట బయటి నుంచి వినబడ్డాక, ఆ సంగతి తాను చాలా రోజులుగా ఆలోచిస్తూనే ఉందని ఆమెకి అర్థమైంది.

ఆ వారమే ఫాదరు దగ్గరికి వెళ్ళింది. ప్లాస్టిక్ కుర్చీల గది. ఫాదరు టేబుల్ ఫ్యాను విప్పి పెట్టుకుని రెక్కలు తుడుస్తున్నారు.

"రండమ్మా. ఆ స్క్రూ కాలికింద పడుతుంది, చూసుకోండి. మహిమ చదివింది మీరే కదా?"

"నేనే ఫాదర్. క్షమించండి."

"దేనికి? ప్రార్థన పూర్తి చేసినందుకా?"

ఆమె కూర్చుంది. ఇటు మారదామని ఆలోచిస్తున్నానంది. నాకు ఏమీ అనిపించట్లేదు అని కూడా అంది.

"ఎక్కడ?"

"ఎక్కడా."

"మీ గుళ్ళో?"

"అక్కడా అంతే. ఇక్కడా అంతే."

ఫాదరు రెక్క పక్కన పెట్టారు. "మరి ఇంత దూరం ఎందుకమ్మా? ఏమీ అనిపించకపోవడానికి మీ గుడి చాలదా?"

క్రేనమ్మ నోరు నవ్వింది. "అక్కడ అందరూ నా మొహం చూస్తారు ఫాదర్. ఇక్కడ ముందుకి చూస్తారు."

ఫాదరు ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పారు. బాప్తిస్మం మళ్ళీ ఇవ్వరు, ఒకసారి తీసుకున్నది చాలు. విశ్వాసం ఒప్పుకోవాలి, అంతకుముందు కొన్నాళ్ళు వచ్చి నేర్చుకోవాలి. ఒకసారి చేరాక ఇక్కడే సత్ప్రసాదం తీసుకోవాలి, ఆ గుళ్ళో ప్రభు భోజనం తీసుకోకూడదు.

"అస్సలు?"

"అస్సలు."

"ఏమీ అనిపించకపోయినా చేర్చుకుంటారా?"

"మీరు నిజమని నమ్ముతున్నారా అని అడుగుతాను. ఎలా ఉందని అడగను."

ఆ మాట ఆమెకి నచ్చింది. నచ్చిందని తెలిసింది గానీ, నచ్చినప్పుడు లోపల కలిగేదేదో అది కలగలేదు. లేచి వస్తుంటే దారిలో ఆమెని పట్టుకున్న ఆలోచన ఒక్కటే. రెయిలింగు దగ్గర అమ్మ పక్కన ఎవరు?

కొన్నాళ్ళు నేర్చుకోవడానికి వెళ్ళింది, ఎవరికీ చెప్పకుండా. ఇలాంటివి దాగుతాయా? ఒక సాయంత్రం అమ్మ వంటగదిలో అన్నయ్య ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. అమ్మ వెల్లుల్లి వలుస్తోంది.

"టైర్లు కొనడానికొచ్చినవాడు చెప్పాడమ్మా నాకు" అన్నాడు అన్నయ్య. "నా చెల్లెలి సంగతి నాకు వాడు చెప్పాలా? వాడు రెండు టైర్లు కూడా కొనలేదు!"

"చెబుదామనే అనుకుంటున్నా అన్నయ్యా."

"ఎప్పుడు, చేరిపోయాకా? నాన్న బతికున్నన్నాళ్ళూ గంట కొట్టిన గుడి అది. నువ్వెళ్ళి పక్క గుడి గంట వింటావా?"

"క్రేను మీద కూర్చుంటే రెండూ వినిపిస్తాయి."

"వెటకారాలొద్దు. ఏముందక్కడ మన దగ్గర లేనిది?"

"ఏమీ లేదు."

"మరి?"

"అదే."

అన్నయ్య అమ్మ వైపు తిరిగాడు. "చూశావా దాని వరస? అదే, అంటుంది. దీన్ని నేను పెద్దల ముందు ఏమని చెప్పుకోను? మీ ఆయన పోయినప్పుడు ఎంతమంది వచ్చారు, ఎంత చేశారు! ఎవరేం తక్కువ చేశారని వెళ్తున్నావే?"

"ఎవరూ తక్కువ చెయ్యలేదు. చాలా చేశారు."

"ఏడిస్తే తగ్గేదానికి గుడి మారతానంటావు."

అన్నయ్యకే తాను ఎక్కువ మాట్లాడినట్టు తెలిసి, వెల్లుల్లి పొట్టు ఏరి ఒకచోట పెట్టడం మొదలుపెట్టాడు. క్రేనమ్మకి కోపం రావలసిన చోటది. రాలేదు. అతను అన్నది నిజమేమోనని కూడా ఆలోచించింది, ఇంకొకరి సంగతి ఆలోచించినట్టు.

అప్పుడు అమ్మ అడిగింది. "అయితే అక్కడ చేరితే ఇక్కడ తీసుకోకూడదటా?"

"కూడదమ్మా."

"మరి రెయిలింగు దగ్గర నన్నెవరు దించుతారు?"

"నేనున్నాను కదమ్మా" అన్నాడు అన్నయ్య.

"నువ్వుంటావు, ముందు బెంచీలో. ఇన్నేళ్ళలో వెనక్కి తిరిగి చూశావా నా మోకాళ్ళు ఎలా వంగుతున్నాయో?" అని, కూతురి వైపు తిరిగింది. "ఏమే, ఓడల్లోంచి ఇంతింత పెట్టెలు దించుతావు. తినడం మానేస్తే నన్ను దించడం కూడా మానెయ్యాలా?"

క్రేనమ్మ ఆ రెండూ ఒకటే అనుకుంది ఇంతకాలం. తీసుకోనప్పుడు అక్కడ మోకరించడం ఏమిటి, జనం ఏమనుకుంటారు, అయ్యగారు ఏమంటారు.

"అది కుదరదమ్మా" అన్నాడు అన్నయ్య.

"కుదురుతుందో లేదో ఒకసారి చూస్తే పోలా. మారాక కుదరదని తెలిస్తే ఏం లాభం? వచ్చే ఆదివారమే చెయ్యి. ఇంకా మారలేదుగా, ఎవరూ కొట్టరు" అని అమ్మ తేల్చేసి, వెల్లుల్లి కడగడానికి లేవబోయి, మళ్ళీ కూర్చుని చెయ్యి చాపింది. క్రేనమ్మ లేపింది.

ఆదివారం వచ్చింది. ఆ వారమంతా అయ్యగారికి ముందుగా ఒక మాట చెప్పి ఉంచాలని ఇంట్లో ముగ్గురూ అనుకున్నారు. ఎవరికి వాళ్ళు రెండోవాళ్ళు చెబుతారనుకున్నారు. ఎవరూ చెప్పలేదు.

మూడో బెంచీ వంతు వచ్చింది. మోచెయ్యి కింద చెయ్యి, తొడ ఆనిక, మెల్లగా దించడం. అమ్మ అరచేతులు చాపింది. క్రేనమ్మ తన చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పదిహేనో ఏట నిర్ధారణ పొంది రొట్టె తీసుకోవడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆ రెయిలింగు దగ్గర ఆమె చేతులు ఒళ్ళో ఉండడం అదే మొదలు. అయ్యగారు కుర్రవాడు, ఈ మధ్యే వచ్చినవాడు. అమ్మకి ఇచ్చి, క్రేనమ్మ ముందుకి వచ్చి రొట్టె పట్టుకుని నిలబడ్డారు. చేతులు లేవలేదు. నిలబడే ఉన్నారు. వెనక వరస ఆగిపోయింది. పాట పాడుతున్నవాళ్ళు చరణం అయిపోయి, ఇంకోటి అందుకోవాలో వద్దో తెలియక ఆపేశారు.

"దానికొద్దు అయ్యగారూ" అంది అమ్మ. చెవి తగ్గినవాళ్ళు గుసగుస అనుకుని మాట్లాడే గొంతు అది, గుడి మొత్తానికి వినబడింది. "నన్ను పట్టుకోడానికొచ్చింది."

అయ్యగారు క్రేనమ్మ వైపు చూశారు, రొట్టె వైపు చూశారు. తర్వాత ఖాళీగా ఉన్న చెయ్యి ఆమె తల మీద ఒక్క క్షణం పెట్టి, పక్కకి జరిగారు. ద్రాక్షరసం గిన్నె వచ్చింది. అమ్మ తాగింది. గిన్నె క్రేనమ్మని దాటి వెళ్ళిపోయింది.

అరచేతులు కొంచెం చల్లగా ఉన్నాయి. అంతే. ఇంకేదైనా వస్తుందేమోనని, లేచే ముందు ఒక ఊపిరి సేపు ఆగి చూసింది. అమ్మ బరువు మోచేతి మీద పడింది. లేపింది. ఇద్దరూ మూడో బెంచీకి వచ్చారు. కుదిరింది.

గుడి బయట అన్నయ్య ఎర్రగా అయిపోయి నిలబడ్డాడు. "ఇద్దరూ కలిసి పరువు తీశారు."

"పరువుకి మోకాళ్ళుంటే తెలిసేదిరా" అంది అమ్మ.

వచ్చీపోయేవాళ్ళు ఈసారి క్రేనమ్మ మొహంలోకి చూడలేదు. ఏం అడగాలో వాళ్ళకి తెలియలేదు. నమస్కారాలు పెట్టి పక్క నుంచి వెళ్ళారు. పాఠం చదివేవాళ్ళలోంచి ఆమె పేరు ఆ సాయంత్రమే తీసేశారని తర్వాత తెలిసింది. తీయించింది అన్నయ్యేనని కూడా తెలిసింది. ఇన్నేళ్ళు చదివిన మనిషి, పోతే పోయిందని ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకి కష్టం కాలేదు. కష్టం కాకపోవడమే కొంచెం వింతగా ఉంది.

ఆ సోమవారం ఫాదరు దగ్గరికి వెళ్ళి, చేరతానని చెప్పింది. అప్పటికే ఇంకొక కబురు వచ్చి ఉంది: దూరాన ఇంకో రేవులో కొత్త క్రేన్లు బిగిస్తున్నారు, నడిపేవాళ్ళకి నేర్పడానికి ఫలానా ఆమే కావాలని అక్కడివాళ్ళు పట్టుబట్టి అడిగారు. లైసెన్సుకి మూడుసార్లు తిప్పిన మనిషిని, ఇప్పుడు కారు పంపి పిలుచుకున్నారు. గౌరవం అంటే అది. వెళ్ళొచ్చాక చేరుస్తానన్నారు ఫాదరు. వచ్చిన ఆదివారమే పదిన్నర పూజలో.

"ఈలోగా మనసు మారితే?" అంది క్రేనమ్మ.

"మారితే మంచిదేగా" అన్నారు ఫాదరు. "మనసనేది ఉన్నట్టు తెలుస్తుంది."

ఆమె వెళ్ళింది. కొత్త రేవులో అద్దె గది, ఒక కిటికీ, ఒక కెటిల్. పగలంతా కుర్రవాళ్ళ వెనక నిలబడి, ఊగే పెట్టె వెంట ఎలా వెళ్ళాలో చెప్పడం. సాయంత్రం గదికొచ్చి బూట్లు విప్పి, మంచం అంచున కూర్చోవడం. ఆదివారాలు అమ్మ ఫోను చేసేది.

"మీ అన్నయ్య దించాడే నన్ను."

"ఎలా దించాడు?"

"గోనెసంచి దించినట్టు. చంక కింద పట్టుకుంటాడు. మోచెయ్యిరా అంటే వినడు. లేపేటప్పుడు అయ్యగారు కూడా ఓ చెయ్యేశారు. అందరూ చూశారు."

"తిట్టకు. నేర్చుకుంటాడు."

"నేర్చుకునే వయసా వాడిది? ... ఏమే, ఆ పదిన్నరకి నేనూ రానా?"

క్రేనమ్మ కెటిల్ మీట ఆపింది. "ఎందుకమ్మా?"

"చూద్దామని. నాకేం ఇవ్వరులే, నాకు తెలుసు. అక్కడా మోకరించాలా?"

"మోకరించాలి. బెంచీ కిందే మెత్త ఉంటుంది, ముందుకి లాగుతారు."

"మెత్త ఉంటుందా!" అంది అమ్మ. "మన గుళ్ళోనూ పెట్టించమని మీ నాన్నకి చెప్పాను, వినలేదు. సరే. ముందు ఎనిమిదింటికి మన గుళ్ళో నన్ను దించు, తర్వాత అక్కడికి వెళ్దాం. అన్నయ్యతో నేను మాట్లాడతా. ఎప్పుడొస్తున్నావ్?"

తెల్లవారే బండికి వస్తానంది క్రేనమ్మ. ఆ బండి జూన్ పద్నాలుగో తేదీ ఆదివారం, ఎనిమిది కాకముందే చేరుతుంది.